నలభై కొర్రమీను గ్లాసులు

ఊటవాడలో ముత్తిలింగం అనే మైకు సెట్టు యజమాని ఉండేవాడు. తన గొప్ప తాను చెప్పుకోకుండా అతనికి పూట గడిచేది కాదు. పెళ్లిళ్లకు, జాతరలకు మైకులు అద్దెకిచ్చేవాడు. తను మాట్లాడటానికి మాత్రం అతనికి వాటి అవసరం ఉండేది కాదు.

ఊటవాడ ప్రాజెక్టు నీళ్ల ఒడ్డున ఉండేది. అక్కడ ప్రతి మగవాడికీ రెండు పనులు ఉండేవి. ఒకటి ఇల్లు గడవడానికి చేసేది, రెండోది గాలం వెయ్యడం. మొదటి పనిని ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. పోస్టుమాన్ ఉత్తరాల సంచిలోనే వానపాముల డబ్బా పెట్టుకుని తిరిగేవాడు. ఉత్తరం ఆలస్యమైతే ఊరివాళ్లు ఉత్తరం సంగతి అడిగేవారు కాదు, ఏం పడ్డాయని అడిగేవారు. ముత్తిలింగం అక్క మొగుడు సాంబయ్య దర్జీ. కొలతలు తీస్తూ కూడా కిటికీలోంచి నీళ్ల వైపే చూసేవాడు. అందుకే ఊళ్లో చాలామంది చొక్కాలకు ఒక చెయ్యి పొడుగు.

ఏటా మృగశిర కార్తె మొదటి రోజు పొద్దున గాలాల పందెం జరిగేది. అందరికన్నా పెద్ద కొర్రమీనును పట్టినవాడు గెలిచినట్టు. గెలిచినవాడికి కప్పు ఇచ్చేవారు కాదు, శాలువా కప్పేవారు కాదు. ఆ చేప బొమ్మను నలభై గాజు గ్లాసుల మీద వేయించి, కింద గెలిచినవాడి పేరు రాయించేవారు. గాలం వేసే నలభై ఇళ్లకు తలా ఒకటి. ఏడాది పొడుగునా ఇంటికొచ్చిన చుట్టానికి మంచినీళ్లు ఆ గ్లాసులోనే ఇచ్చేవారు. చుట్టం గ్లాసు తిప్పి చూసి, ఈయనెవరని అడిగేవాడు. ఇంటివాళ్లు చేప కథ మొదలుపెట్టేవారు. నీళ్లు తాగి వెళ్దామనుకున్న చుట్టం భోజనం వేళకు కూడా కదిలేవాడు కాదు.

సాంబయ్య పేరు ఆ గ్లాసుల మీదకు మూడుసార్లు ఎక్కింది. ముత్తిలింగం పేరు పద్దెనిమిదేళ్లలో ఒక్కసారీ ఎక్కలేదు.

"ఏం బామ్మర్దీ, ఈ ఏడన్నా గ్లాసెక్కుతావా?" అన్నాడు సాంబయ్య, పందేనికి ముందురోజు.

"చూస్తుండు బావా. రేపు నేను పట్టే చేప నీ గ్లాసులో పట్టదు."

"పోయినేడు కూడా ఇదే అన్నావు. సాయంత్రానికి జెల్లపిల్ల తెచ్చావు. అది గ్లాసులో పట్టింది, ఇంకా చోటు కూడా మిగిలింది."

అందరూ నవ్వారు. ముత్తిలింగం కూడా నవ్వాడు. కానీ ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాడు. అతని భార్య కోటమ్మ కూరలో ఉప్పు ఎక్కువైందేమోనని చూసుకుంది. ఉప్పు సరిగ్గానే ఉంది.

మర్నాడు తెల్లవారగానే నలభై మందీ తెప్పలు వేసుకుని బయలుదేరారు. ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. ముత్తిలింగం ఎవరూ లేని మూలకు, తుంగ బలిసిన చోటికి వెళ్లాడు. ఎండ ముదిరింది. అప్పటికి అతనికి పడినవి రెండు జెల్లలు. పందెం ముగియడానికి గంట ఉందనగా, తుంగ పక్కన నీళ్ల మీద ఎర్రగా ఏదో కదిలింది.

అదేమిటో ఊటవాడలో పాలు తాగే పిల్లకు తప్ప అందరికీ తెలుసు. కొర్రమీను పిల్లలు అలాగే ఉంటాయి. వందలకొద్దీ పిల్లలు ఎర్రని ముద్దలా ఒక్కచోటే తిరుగుతూ, గాలి కోసం ఒక్కసారే పైకి తేలుతాయి. వాటి కింద పెద్ద చేప కాపలా ఉంటుంది. తల్లో తండ్రో అని దాన్ని అడిగినవాళ్లు లేరు. తిండి మానేసి అది పిల్లల్ని కాస్తుంది. దగ్గరకు కప్ప వచ్చినా, కర్ర వచ్చినా తరిమి కొడుతుంది. ఆ ముద్దలో గాలం పడేస్తే చాలు, ఎర ఉందా లేదా అని కూడా చూడకుండా వచ్చి కరుస్తుంది. అలా పట్టడానికి నేర్పు అక్కర్లేదు. పోస్టుమాన్ కూడా పట్టగలడు.

అందుకే ఊటవాడలో ఒక కట్టుబాటు ఉండేది. పిల్లల మీద ఉన్న కొర్రమీనును పట్టకూడదు. పట్టినవాడు మూడు మృగశిరల దాకా గాలం ముట్టకూడదు, తెప్ప ఎక్కకూడదు. ఆ శిక్ష ఇంతవరకు ఒక్కడికే పడింది. అతను పక్క ఊరి అల్లుడు కాబట్టి ఊరివాళ్లు అతన్ని లెక్కలో వేసుకునేవారు కాదు.

ముత్తిలింగం ఆ ఎర్రని ముద్దను చూశాడు. కాసేపు చూడనట్టు కూడా కూర్చున్నాడు. చుట్టూ ఒక్క తెప్ప లేదు. అతనికి నలభై గ్లాసులు కనబడ్డాయి. గాలం విసిరాడు.

చేప వచ్చి తాడును కొట్టింది. చిక్కలేదు. మళ్లీ విసిరాడు. మళ్లీ వచ్చింది. మూడోసారి వచ్చిన ఊపుకు తెప్ప ఒక పక్కకు ఒరిగిపోయింది. ముత్తిలింగం మోకాళ్ల మీద పడి, తాడు చేతికి చుట్టుకుని లాగాడు. దున్నదూడంత బలం దానికి. పైకి వచ్చి తెప్ప మీద పడ్డాక అతను దాన్నే చూస్తూ ఉండిపోయాడు. నీళ్ల వైపు మళ్లీ చూడలేదు.

ప్రాజెక్టు కట్ట మీద తూకం వేస్తే మూడు కిలోల ముప్పావు తూగింది. అంతా నోళ్లు తెరిచారు. పోస్టుమాన్ తక్కెడ పాడైందని అనుమానించి, అందులో తన చేప పెట్టి చూశాడు. తక్కెడ బాగానే ఉంది. అతని చేపే చిన్నది. సాంబయ్య తన చేపను మెల్లగా సంచిలో దాచేశాడు. ఊళ్లో అది కూడా వింతే.

పందేనికి పెద్ద గురవయ్య తాత. ఆయన చేపను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎక్కడ పడింది రా?" అని అడిగాడు.

"నడి నీళ్లలో తాతా. బాగా లోతు."

"ఎర ఏం పెట్టావు?"

"కప్పపిల్ల."

గురవయ్య తాత తల ఊపాడు. ముత్తిలింగం గెలిచాడు.

ఆ రోజు ముత్తిలింగం ఇంట్లో పులుసు కాగింది. ఊరంతా గిన్నెలు పట్టుకుని వచ్చింది. వచ్చిన ప్రతివాడికీ అతను చేప కథ చెప్పాడు. కానీ చెప్పేకొద్దీ అతనికి దిగులు పట్టుకుంది. నడి నీళ్లలో లోతున పడింది అన్నాక ఇంకా చెప్పడానికేముంది? అది మూడుసార్లు మీదికొచ్చిందని చెప్పకూడదు. తెప్ప ఒరిగిందని చెప్పకూడదు. ఊరి కొర్రమీనులన్నిటిలోకీ పెద్దది తన చేతికి చిక్కిన అసలు కథ అతని కడుపులోనే ఉండిపోయింది. మూడు రోజులకే మనిషి సగమయ్యాడు. కోటమ్మ వాముకషాయం పెట్టిచ్చింది.

నాలుగోనాడు అతను గ్లాసుల పనికి టౌనుకు వెళ్లాడు. చేప అప్పటికి పులుసై పోతుంది కాబట్టి, గెలిచినవాడే వెళ్లి చేప ఎలా ఉందో, ఎలా పడిందో చెప్పి బొమ్మ వేయించుకోవడం ఆనవాయితీ. ఇన్నేళ్లూ ఆ బొమ్మలు వేసినవాడు గాజుసామాను కొట్టు మస్తాన్. ఆయనకు చేపల సంగతి తెలుసు. ఆ ఏడు శుక్లాలు వచ్చి ఇంట్లో కూర్చున్నాడు. కొట్లో ఆయన కూతురు నస్రీన్ ఉంది. చేపను ఆమె ముక్కలుగా తప్ప ఎరగదు.

"కూర్చోండన్నా," అంది నస్రీన్. "ఊటవాడ గ్లాసులు నేను వెయ్యడం ఇదే మొదలు. మీరు ఎలా చెబితే అలా వేస్తాను. ఇవి చెడితే ఈ పని మళ్లీ మాకు రాదని మా అబ్బా మరీ మరీ చెప్పారు."

ముత్తిలింగం చేప రంగు చెప్పాడు, తల చెప్పాడు, వీపు మీది రెక్క చెప్పాడు. ఆమె కాగితం మీద గీసి చూపించింది. అచ్చం అదే.

"చుట్టూ ఏముందన్నా? ఉత్త చేప ఒక్కటే వేస్తే గ్లాసు బోసిగా ఉంటుంది."

ముత్తిలింగం ఆమె వైపు చూశాడు. ఆమెకు చేపల గురించి ఏమీ తెలియదు. ఊరికి పది మైళ్ల దూరం. నాలుగు రోజులుగా కడుపులో మాగుతున్న కథ పైకి తన్నుకొచ్చింది.

"తుంగ ఉందమ్మా. తుంగ పక్కన నీళ్లన్నీ ఎర్రగా, కందిపప్పు గుప్పెడు తీసి చల్లినట్టు ఉన్నాయి. ఆ ఎరుపులోనే వేశాను గాలం. అది ఆకలికి రాలేదు, కోపంతో వచ్చింది. మూడుసార్లు మీదికొచ్చింది. తెప్ప ఒరిగిపోయింది. ఇంకొకడైతే నీళ్లలో పడేవాడు."

"చేపకు కోపమెందుకన్నా?"

ముత్తిలింగం నవ్వాడు. మనసు తేలికైంది. ఇంటికి వచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

పదిహేను రోజుల తర్వాత, ఆదివారం పొద్దున నస్రీన్ గ్లాసుల పెట్టె ఆటోలో వేసుకుని ఊటవాడ వచ్చింది. కట్ట మీద రేకుల షెడ్డులో అంతా చేరారు. ముత్తిలింగం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సాంబయ్య కుట్టిందే కాబట్టి ఒక చెయ్యి మడిచాడు. నస్రీన్ గడ్డిలోంచి ఒక్కొక్క గ్లాసు తీసి అందించింది. వెనకే పోస్టుమాన్ కెటిల్‌తో టీ పోసుకుంటూ వచ్చాడు. గెలిచినవాడు మొదటి గుక్క తాగాక తక్కినవాళ్లు తాగాలి.

ముత్తిలింగం గ్లాసు చేతికి రాగానే తన పేరు చదువుకున్నాడు. మళ్లీ చదువుకున్నాడు. అక్షరాలు గుండ్రంగా, నల్లగా, మంచినీళ్ల బావి మీద ప్రెసిడెంటు పేరు కన్నా అందంగా ఉన్నాయి. మొదటి గుక్క తాగాడు. రెండో గుక్క ఎవరూ తాగలేదు.

అతను తలెత్తాడు. షెడ్డులో ఎవరూ కదలడం లేదు. పోస్టుమాన్ చేతిలో కెటిల్ వంగి అలాగే ఉండిపోయింది. టీ కారి నేల మీద పడుతున్నా చూసుకోలేదు. అందరూ గ్లాసుల వైపే చూస్తున్నారు. ముత్తిలింగం కూడా అప్పుడు చేప బొమ్మ చూశాడు. కొర్రమీను నోరు తెరుచుకుని, ప్రాణమున్నట్టే ఉంది. దాని చుట్టూ, తుంగ దగ్గర, ఎర్రని చుక్కలు. చిన్నచిన్నవి, వందల కొద్దీ.

అతను బొటనవేలితో ఆ చుక్కలను మూసేశాడు.

గురవయ్య తాత గ్లాసును వెలుతురుకు పట్టి చూశాడు.

"చేప బాగుందమ్మా," అన్నాడు నస్రీన్‌తో. "దాని చుట్టూ ఏమిటివి?"

నస్రీన్ నోరు తెరిచేలోపే ముత్తిలింగం అందుకున్నాడు. "అలంకారం, తాతా. తెలియనిపిల్ల, అందంగా ఉంటుందని చల్లింది. ఏమ్మా, చేప గ్లాసు మీద పూలచుక్కలేమిటి?"

బామ్మర్ది పరువు కాబట్టి సాంబయ్య కూడా సాయం వచ్చాడు. "మస్తాన్ అయితే ఇలా చేసేవాడా? పని తెలియనివాళ్లకు ఇస్తే ఇంతే. వచ్చే ఏడు వేరేచోట వేయిద్దాం."

నలుగురైదుగురు అవునన్నట్టు తలలూపారు. ఊరు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. నస్రీన్ చేతిలోని గడ్డి కింద పెట్టింది. ఆమె ముత్తిలింగం వైపు చూసింది. అతను ఒక్క మాట చెబితే ఆమె పని నిలిచేది. చెబితే మూడేళ్లు అతని గాలం అటకెక్కేది. అతను గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"నా అంతట నేను ఒక్క చుక్క కూడా పెట్టలేదు తాతా," అంది నస్రీన్. ఒక గ్లాసు తీసి చుక్కల మీద వేలు పెట్టింది. "అన్న చెప్పిందే వేశాను. తుంగ పక్కన నీళ్లు ఎర్రగా, కందిపప్పు చల్లినట్టు ఉన్నాయన్నారు. ఆ ఎరుపులోనే గాలం వేశానన్నారు. చేప మూడుసార్లు మీదికొచ్చిందన్నారు. ఆకలికి కాదు, కోపంతో వచ్చిందన్నారు. చేపకు కోపమెందుకని అడిగితే నవ్వారు. ఇందులో నా తప్పేముందో చెప్పండి, దిద్దుకుంటాను."

ఆ మాటలు గాలం పట్టినవాడి నోట తప్ప రావు. తనేం చెప్పిందో ఆ షెడ్డులో నస్రీన్ ఒక్కదానికే తెలియదు.

మొదట పోస్టుమాన్ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత పక్కవాడు. సిమెంటు గచ్చు మీద ఒకదాని తర్వాత ఒకటి గ్లాసులు ఆనుతున్న చప్పుడు ముత్తిలింగం చెవుల్లో పడింది. సాంబయ్య అందరికన్నా ఆఖరున పెట్టాడు. పెట్టే ముందు టీ బయట పారబోశాడు.

"ఎక్కడ?" అన్నాడు గురవయ్య తాత.

ముత్తిలింగం చెయ్యెత్తి తుంగ వైపు చూపించాడు.

మూడు తెప్పల మీద వెళ్లారు. ముత్తిలింగం తాత పక్కన కూర్చున్నాడు. నీళ్లు ఇంకా కదులుతూ ఉంటాయని, పిల్లలు కొంచెం ఎదిగి ఉంటాయని దారిలో అతను తనకు తాను చెప్పుకున్నాడు. తుంగ దగ్గర తెప్ప ఆగింది. అందరూ చూశారు. ఎరుపు లేదు. గాలి కోసం ఒక్క పిల్ల కూడా పైకి తేలలేదు. బలిసిన జెల్లలు రెండు తెప్ప కిందుగా తీరిగ్గా వెళ్లిపోయాయి.

"నువ్వు కట్టకు చేరేలోపే మొదలై ఉంటుంది," అన్నాడు తాత. "మేం నీ చేపను తూకం వేస్తున్నప్పుడు ఇక్కడ విందు జరిగింది."

గాలం వేసిన రోజు ముత్తిలింగం గ్లాసుల గురించి ఆలోచించాడు, పేరు గురించి ఆలోచించాడు, బావ ముఖం గురించి ఆలోచించాడు. తను వెనక్కి తిరగ్గానే ఇక్కడ ఏం జరుగుతుందో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఖాళీ నీళ్లను అంతసేపు చూడటం అతనికి అదే మొదటిసారి.

షెడ్డుకు తిరిగి వచ్చాక ఎవరూ అడగకుండానే గాలపు కర్ర తెచ్చి తాత ముందు పెట్టాడు.

"మూడు మృగశిరలు," అన్నాడు.

"అది చేపకు," అన్నాడు తాత. "ఈ పిల్ల సంగతి?"

ముత్తిలింగం నస్రీన్ వైపు తిరిగాడు. జీవితంలో మొదటిసారి అతనికి మాటల కోసం తడుముకోవలసి వచ్చింది. "తప్పు నీది కాదమ్మా. నేను చెప్పిందే వేశావు. నా పీకల మీదికి రాగానే నీ మీదికి తోశాను."

"వచ్చే ఏడు కూడా నువ్వే వెయ్యాలమ్మా," అన్నాడు తాత ఆమెతో. "మా ఊళ్లో చేపలు పట్టేవాళ్లు నలభై మంది ఉన్నారు. విన్నది విన్నట్టు చెప్పేవాళ్లు లేరు."

ఊరు దానికి నొచ్చుకుంది గానీ, కాదనలేకపోయింది.

ఇక గ్లాసులు మిగిలాయి. వాటిని పగలగొట్టాలన్నాడు సాంబయ్య. టీ పెట్టుకున్న ఇటుకల పొయ్యి పక్కన పాతిపెడదామన్నాడు పోస్టుమాన్. ముత్తిలింగం ఆశగా తాత వైపు చూశాడు.

"ఎందుకు పగలగొట్టడం?" అన్నాడు తాత. "పిల్ల కష్టపడి వేసింది. బొమ్మలో ఒక్క తప్పు లేదు. ఆనవాయితీ ప్రకారం తలా ఒకటి పట్టుకెళ్లండి. ఏడాదంతా వాడండి."

ముత్తిలింగానికి కూడా ఒక గ్లాసు అందింది. ఆ దెబ్బ వస్తుందని అతను అనుకోలేదు.

ఆ ఏడాది నలభై ఇళ్లలో చుట్టాలకు ఆ గ్లాసుల్లోనే మంచినీళ్లు ఇచ్చారు. వచ్చినవాళ్లు గ్లాసు తిప్పి చూసి, ఈయనెవరు, ఈ ఎర్రచుక్కలేమిటి అని అడిగారు. ఇంటివాళ్లు కథంతా చెప్పారు. ఊటవాడలో కథ చెప్పడానికి బద్ధకించేవాళ్లు లేరు. వియ్యాలవారి ఊళ్లకు, సంతలకు, బస్సులకు కూడా ఆ కథ పాకింది. పద్దెనిమిదేళ్లు కోరుకున్నట్టే ముత్తిలింగం పేరు పది ఊళ్లలో మోగింది. అతని సొంత ఇంట్లో కోటమ్మ రోజూ అన్నం దగ్గర ఆ గ్లాసే పెట్టేది. అతను చుక్కలున్న వైపు అటు తిప్పి తాగేవాడు. ఆమె ఏమీ అనకుండా, నీళ్లు మళ్లీ పోసేటప్పుడు గ్లాసు ఇటు తిప్పేది.

నీతి: తప్పుదారిలో తెచ్చుకున్న గొప్పను దాచిపెట్టడం ఎవరి వల్లా కాదు, ఎవరూ చూడకపోయినా గొప్ప చెప్పుకునే మన నోరే దాన్ని బయటపెడుతుంది.